చదవకూడని వైపు

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులు దొర్లితే మన్నించాలి. ఒత్తులు నాకు ఇంకా పూర్తిగా లొంగలేదు. ఒక పేజీ నిండడానికి ఒక పూట పడుతుంది, ఇది రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. నెమ్మదిగా రాసినదాన్ని మీరూ నెమ్మదిగా చదివితే ఇద్దరికీ సమంగా ఉంటుంది.

మాది పలాస పక్కన ఒక పేట. పేటలో ఆడవాళ్లం చాలామందిమి జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాం. పిక్కలు కొడతాం, పప్పు మీద పొట్టు తీస్తాం, విరగని గుండు పప్పు ఒక బుట్టలో, రెండుగా చీలిన బద్ద ఇంకో బుట్టలో వేస్తాం. మధ్యాహ్నం రెండింటికి పని ముగుస్తుంది. మూడు నుంచి అయిదు వరకు పక్క గదిలో వయోజన విద్యా కేంద్రం. అదివరకు ఆ గదిలో ఖాళీ గోనెసంచులు పడేసేవాళ్లు. హేమలత పంతులమ్మ ఏడాదిపాటు అర్జీలు పెట్టి సంచులను బయటికి, మమ్మల్ని లోపలికి తెచ్చింది. నలభై మందిమి చేరాం.

నేను చేరింది బస్సు బోర్డుల కోసం. మా ఆయన ఉన్నన్నాళ్లూ ఆయనే చదివి చెప్పేవాడు. ఆయన పోయాక బస్టాండులో పక్కవాళ్లను అడిగేదాన్ని. ఒకసారి ఒక పెద్దమనిషిని నమ్మి, టెక్కలి వెళ్లాల్సినదాన్ని ఇచ్ఛాపురంలో దిగాను. ఆయనకూ చదువు రాదట. నేను ధైర్యంగా ఎక్కుతున్నానని చూసి తనూ ఎక్కాడట. ఇద్దరం తిరుగు బస్సు కోసం మూడో మనిషిని అడిగాం.

కేంద్రం తెరిచి పది రోజులు కాకముందే గణాంకాధికారి విద్యాధరరావు గారు వచ్చారు. ఆయన అప్పుడే రాజధానిలో మూడు రోజుల శిక్షణ పూర్తి చేసుకుని వచ్చారు. ఆ శిక్షణ ఇంకా ఆయన ముఖం మీద తాజాగా ఉంది.

“అమ్మలారా,” అన్నారు. “ఇకమీదట పరిపాలనలో నమ్మకం అనే పద్ధతి రద్దయింది. ఋజువు అనే పద్ధతి అమల్లోకి వచ్చింది. చదువు చెబితే చదువు వస్తుందని ఇన్నేళ్లుగా అందరూ ఊహిస్తూ వచ్చారు. అందుకు సంఖ్యాపరమైన ఆధారం మా కార్యాలయంలో లేదు.”

పోలమ్మ నా పక్కనే కూర్చుంది. నన్ను అప్పా అంటుంది, మా వైపు అప్ప అంటే అక్క. నాకంటే అయిదేళ్లు చిన్నది, నోరు మాత్రం పెద్దది.

“సెప్తే రాకపోతే మరెలగొస్తాది బాబూ?” అంది.

“అదే పరిశీలనాంశం,” అని ఆయన రాసుకున్నారు.

మూడు నెలలు పరిశీలిస్తారట. చివర పరీక్ష పెడతారట. చదువు వల్ల తేడా వచ్చిందని లెక్కలో తేలితే కేంద్రం మూడేళ్లు నడుస్తుంది. తేలకపోతే మూసేస్తారు, గది గోనెసంచులకు తిరిగి వెళ్తుంది. ఆ మాట విని హేమలత పంతులమ్మ సుద్దముక్కను రెండు ముక్కలు చేసింది. కావాలని చేసినట్టు లేదు.

మొదటి వారం మా వివరాలు సేకరించారు. వివరాలు అనకూడదట, దత్తాంశాలు అనాలట. అవి నాలుగు రకాలని ఆయన మాకు బోధపరిచారు. కేవలం పేరు చెప్పేవి ఒక రకం: ఏ వీధి, ఏ రంగు చీర. ఇందులో ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. వరస చెప్పేవి రెండో రకం: గుండు, బద్ద, ముక్క, నూక. ఏది మేలో తెలుస్తుంది గానీ ఎంత మేలో తెలియదు. ఎండ డిగ్రీలు మూడో రకం: తేడా కొలవవచ్చు గానీ సున్నా డిగ్రీలంటే వేడే లేదని కాదు. బరువు, వయసు నాలుగో రకం: అక్కడ సున్నా అంటే నిజంగా సున్నా. ఇంతవరకు ఆయన చెప్పింది చక్కగానే ఉంది. చెప్పినదాన్ని ఆయన పాటించి ఉంటే నేను ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

చదువు ఎందుకు కావాలని మమ్మల్ని అడిగారు. బస్సు బోర్డులకైతే ఒకటి, మందు సీసాల మీద కాగితాలకైతే రెండు, సంతకానికైతే మూడు, భజన పుస్తకానికైతే నాలుగు అని అంకెలు వేశారు. బస్సులకు పద్నాలుగు మంది, భజనకు పద్నాలుగు మంది చేతులెత్తాం. మందులకు ఆరుగురు, సంతకానికి ఆరుగురు. ఆయన అంకెలన్నీ కూడి నలభైతో భాగించారు. రెండున్నర వచ్చింది.

“మీ సగటు కోరిక రెండున్నర,” అన్నారు. “అనగా మందు సీసాకు, సంతకానికి సరిగ్గా మధ్య. పాఠ్యాంశం ఆ మేరకు రూపొందించబడును.”

హేమలత పంతులమ్మ లేచి నిలబడింది. “సార్, అవి పేర్లకు బదులు పెట్టిన అంకెలే కదా. కబడ్డీ ఆటగాళ్ల చొక్కాల మీద నంబర్లు కూడి భాగిస్తే ఏం వస్తుంది? ఇక్కడ ఎక్కువమంది ఏది అడిగారో అదే చూడాలి. దాన్ని బాహుళకం అంటారని మీరే చెప్పారు. బస్సులూ భజనలూ రెండూ సమానంగా వచ్చాయి.”

“నిజమే,” అన్నారాయన. “అయితే మా ప్రొఫార్మాలో సగటుకు గడి ఉంది. బాహుళకానికి గడి లేదు.”

తరువాత మమ్మల్ని రెండు వర్గాలు చేయాలన్నారు. ఇరవై మంది నేర్చే వర్గం, ఇరవై మంది నేర్వని వర్గం. నేర్వనివాళ్లు లేకపోతే నేర్చినవాళ్లను దేనితో పోల్చాలి? దాన్ని నియంత్రణ వర్గం అంటారు. ఎవరు ఎటు వెళ్లాలో మనుషులు నిర్ణయిస్తే పక్షపాతం వస్తుంది కాబట్టి లాటరీ తీయాలి. స్థానిక వనరులు వాడుకోవాలని శిక్షణలో చెప్పారట. అందుకని ఒక గుడ్డసంచిలో ఇరవై గుండు పప్పులు, ఇరవై బద్దలు వేయించారు. చెయ్యి లోపల పెట్టి చూడకుండా ఒకటి తీయాలి. గుండు వస్తే చదువు, బద్ద వస్తే లేదు.

ఇరవై ఏళ్లుగా రోజంతా చేతులతో గుండునూ బద్దనూ వేరుచేసేవాళ్ల చేత ఆయన ఈ పని చేయించారు. వరసలో ముందున్న ఇరవై మందికీ గుండే వచ్చింది.

విద్యాధరరావు గారు కుర్చీలో కూలబడ్డారు. ఫోను తీసి గుణించారు. “పదమూడు వేల ఏడు వందల కోట్లకు పైగా విధాలుగా జరగవచ్చు. అందులో ఈ విధం ఒక్కటి,” అన్నారు నెమ్మదిగా. “నా సర్వీసులో ఇంతటి అరుదైన సంఘటన చూడలేదు.” అనుమానం మాత్రం ఆయనకు రాలేదు. నివేదికలో దానికి ప్రత్యేకంగా ఒక పేరా కేటాయించారు.

ఆ రోజు పొట్టు ఊడ్చే వంతు నాది. వచ్చేసరికి వరసలో ఆఖరున నిలబడ్డాను. సంచిలో చెయ్యి పెడితే ఒకటే మిగిలి ఉంది. దాన్ని తడిమి చూడాల్సిన పని లేదు.

“గుండు తీస్సినాను అప్పా,” అంది పోలమ్మ, అరచేయి చూపిస్తూ. “నువ్వేటి తీసినావు?”

“సంచీ తీసినాను,” అన్నాను.

నేర్వని వర్గం ఇంటికి పోకూడదు. రెండు వర్గాలకూ చదువు ఒక్కటి తప్ప మిగిలినవన్నీ ఒకేలా ఉండాలి. అదే గది, అదే ఫ్యాను, అదే టీ. అందుకని మా ఇరవై మందినీ అదే గదిలో, నల్లబల్లకు వీపు పెట్టి, ఎదురుగోడ వైపు కూర్చోబెట్టారు. మొదట చెవుల్లో దూది పెట్టుకోమన్నారు. పెట్టుకుంటే టీ వచ్చిందని పిలిచినా మాకు వినిపించలేదు. టీ చల్లారిపోయింది. వేడి టీ వర్గం, చల్లటి టీ వర్గం అని కొత్త తేడా పుట్టుకొస్తోందని ఆయన గాబరాపడి దూది తీయించారు. టీలో చక్కెర ఎక్కువా తక్కువా అన్నదానికీ, మనిషి ఏ వర్గమన్నదానికీ సంబంధం ఉందేమోనని ఒక పూటంతా కై-వర్గ పరీక్ష చేశారు. లేదని తేలింది. ఆ రోజు ఆయన సంతోషంగా ఇంటికి వెళ్లారు.

మేము పొరపాటున వెనక్కి తిరగకుండా మా ఎదుటి గోడకు ఒక నోటీసు అంటించారు. పెద్ద పెద్ద అక్షరాలు, నల్ల సిరా.

“ఇటువైపు కూర్చున్నవారు చదవరాదు.”

రోజుకు రెండు గంటలు మాకు చూడడానికి అదొక్కటే ఉంది.

వెనక నుంచి హేమలత పంతులమ్మ గొంతు వినిపించేది. గట్టి గొంతు. “చ. చదువులో చ. ముందు ఇలా గుండ్రంగా వచ్చి, పైన తలకట్టు.” మేము గోడ మీద ఆ పోలిక వెతుక్కునేవాళ్లం. ఇంటికి పోతూ పోలమ్మను అడిగేదాన్ని, ఆ కాగితం మీద ఏం రాశారని. పంతులమ్మను అడిగి వచ్చి చెప్పేది. మాట తెలిశాక అక్షరాలు ఒక్కొక్కటే వాటి చోట్లలో కూర్చున్నాయి. ఇంటి దగ్గర వాటిని నేల మీద బొగ్గుతో దిద్దుకునేవాళ్లం. పదిహేను రోజుల్లో మా వర్గం ఇరవై మందిమీ మేము చదవకూడదన్న సంగతిని స్వయంగా చదివి తెలుసుకున్నాం.

మా పెదవులు కదులుతున్నాయని విద్యాధరరావు గారు కనిపెట్టారు. కాలుష్యం అన్నారు. వెంటనే రెండో నోటీసు పడింది. “పై నోటీసును సైతం చదవరాదు.” అంతవరకు మాకు ఓత్వం రాలేదు. మూడోది వారం తరువాత. “ఉల్లంఘించినచో క్రమశిక్షణా చర్యలు గైకొనబడును.” ఒత్తులు చాలావరకు దాంట్లోనే వచ్చాయి. ‘క్ష’తో నా పరిచయం ఆ గోడ మీదే. మాకు ఏ అక్షరం తక్కువైతే దాన్ని ఆయనే తెచ్చి అంటించేవారు. రెండున్నర నెలలకు గోడ మీద పదకొండు నోటీసులయ్యాయి.

నేర్చే వర్గం మాత్రం సగటు కోరిక దగ్గరే ఆగింది. వాళ్ల పుస్తకంలో సగం మందు సీసా, సగం సంతకం. ఒకరోజు పోలమ్మ తను నేర్చిందంతా నాకు అప్పజెప్పింది.

“రోజుకు రెండు మాత్రలు భోజనం తరువాత, ఇట్లు మీ విధేయురాలు పోలమ్మ.”

“అంతేనేటే?”

“వెనక పేజీలో బాగా కుదుపుమని ఉంది,” అంది.

ఇంకో పది రోజుల్లో పరీక్ష అనగా హేమలత పంతులమ్మ ఫ్యాక్టరీ గేటు దగ్గర మమ్మల్ని ఆపింది. మా చేతిలో కాగితంలో కట్టిన జీడిపప్పు పొట్లం ఒకటి ఉంది. దాని మీదున్నది ఎర్నమ్మ పైకి చదువుతోంది. ఎర్నమ్మ మా వర్గమే, నా వెనక కూర్చుంటుంది. పంతులమ్మ కాసేపు విని ఆ పక్కనే గట్టు మీద కూర్చుండిపోయింది.

“ఎంతమందికి వచ్చింది?” అంది.

“ఇరవై మందికీనమ్మా,” అన్నాను. దొంగతనం చేసి దొరికినట్టు ఉంది నాకు.

“పిన్నీ, మీకు వచ్చినందుకు నాకు ఎంత సంతోషమో చెప్పలేను. కేంద్రం మాత్రం పోయినట్టే.” పంతులమ్మ ఆ పొట్లంలోంచి రెండు గుప్పిళ్ల పప్పు తీసి గట్టు మీద రెండు కుప్పలు పోసింది. “ఇది నేర్చినవాళ్ల మార్కులు, ఇది నేర్వనివాళ్ల మార్కులు. రెండు కుప్పల సగటులూ చూస్తారు. సార్ మొదలుపెట్టడమే ‘తేడా లేదు’ అనే మాటతో మొదలుపెడతారు. దాన్ని శూన్య పరికల్పన అంటారు. కాదని చూపించే పూచీ మనది. సగటుల మధ్య దూరం ఎంత, కుప్పల్లో గింజల ఎగుడుదిగుడు ఎంత అని చూసి టి-పరీక్ష చేస్తారు. నిజానికి తేడా ఏమీ లేకపోయినా ఇంత దూరం వట్టి అదృష్టం వల్ల కనబడే అవకాశం నూటికి అయిదు కంటే తక్కువని తేలాలి. అప్పుడే చదువు పనిచేసిందని రాస్తారు. మీరు ఇరవై మందీ రాసేస్తే రెండు కుప్పలూ ఒకటే. చదువు చెప్పినా చెప్పకపోయినా ఒకటే అని నివేదిక వెళ్తుంది.”

“అంటే మాకు సదువొచ్చింది గాబట్టి సదువు దండగంతారా?” అంది ఎర్నమ్మ.

“అంతే.”

పంతులమ్మ ఇంకేమీ అడగలేదు. కుప్పలు ఎత్తి పొట్లంలో పోసి వెళ్లిపోయింది. అడిగింది పోలమ్మ.

“అప్పా, ఒక్క గంట రాదనేసినావంటే ఏటైపోద్ది? మాకింకా మందు సీసా దాటనేదు. మూసేస్తే మేమేటైపోవాల?”

“అరవయ్యేళ్లు రాదనే అన్నాను గదే,” అన్నాను. “ఇంకో గంటా?”

పోలమ్మ తన మందు సీసా పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మా వర్గం అంతా పంపు దగ్గర కూడి మాట్లాడుకున్నాం. ఇద్దరు ఏడ్చారు, ఒకరు ఒప్పుకోనంటే ఒప్పుకోనన్నారు. చివరకు ఇరవై మందిమీ ఒక మాట మీదికి వచ్చాం: కాగితం తెల్లగా ఇచ్చేద్దాం.

పరీక్ష రోజు అందరికీ ఒకే కాగితం. మొదటి ప్రశ్న: మీ పేరు రాయండి. నేను చేతులు కట్టుకున్నాను. రెండో ప్రశ్నలో నేర్చేవాళ్ల కోసం మందు సీసా బొమ్మ. నాలుగో ప్రశ్నలో బస్సు బొమ్మ, దాని నెత్తిన బోర్డు. ‘ఈ బస్సు ఎక్కడికి వెళ్తుంది?’ టెక్కలి. నేను చదవలేదు, అదే వచ్చి కంట్లో పడింది. ఒకసారి కంట్లో పడ్డ అక్షరాన్ని చదవకుండా ఉండడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు.

విద్యాధరరావు గారు నా పక్కన ఆగారు. “ఏమీ తెలియడం లేదా?”

“తెలీదు బాబూ.”

“కనీసం ఈ బస్సు?”

“కానరాదు బాబూ,” అని కళ్లు మూసుకున్నాను. గంట అయ్యేవరకు తెరవలేదు.

మా వర్గం నుంచి ఇరవై తెల్ల కాగితాలు వెళ్లాయి. ఆయన వాటిని పదే పదే తిరగేసి చూశారు. “సగటు సున్నా. ఎగుడుదిగుడు కూడా సున్నా. ఇంతటి స్వచ్ఛమైన నియంత్రణ వర్గాన్ని మాకు శిక్షణలో కూడా చూపించలేదు,” అన్నారు. పోలమ్మ వాళ్లకు పాతికకు సగటున పదకొండు వచ్చాయి.

ఇక మిగిలింది ఒక్కటే. తెల్ల కాగితం ఇచ్చినవాళ్లు తమకు రాయడం రాదని వేలిముద్ర వేయాలి. నేను ముందు వెళ్లి బొటనవేలు సిరాలో ముంచి అద్దాను. నున్నగా ఒక నల్లటి చుక్క పడింది. గీత ఒక్కటీ లేదు.

“సరిగా అద్దండి,” అన్నారు.

మళ్లీ అద్దాను. ఇంకాస్త పెద్ద చుక్క. ఎర్నమ్మ అద్దింది, మిగిలినవాళ్లు అద్దారు. ఇరవై కాగితాల మీద ఇరవై చుక్కలు, బొట్టుబిళ్లల అట్టలా ఉన్నాయి.

“పిక్కలు కొట్టేవోల్లకి ఏలి గీతలుండవు బాబూ,” అంది ఎర్నమ్మ. “పెంకులో నూని తినేస్తాది. రేషను బియ్యం బండికాడ ఏలిముద్రకీ మాకిదే గొడవ.”

విద్యాధరరావు గారి ముఖం పాలిపోయింది. ముద్ర లేని కాగితం చెల్లదు. ఇరవై కాగితాలూ చెల్లకపోతే నియంత్రణ వర్గంలో మనుషులే లేరు. మనుషులు లేని వర్గానికి సగటు ఉండదు, సగటు లేకపోతే టి-పరీక్ష లేదు. మూడు నెలల పరిశీలన రద్దు, కేంద్రం రద్దు. హేమలత పంతులమ్మ గోడకు ఆనుకుంది.

ఆయన పై అధికారికి ఫోను చేశారు. చాలాసేపు ‘చిత్తం’ అన్నారు. ఆ తరువాత ఒక పాత సర్క్యులరు తెరిచి, ఊపిరి పీల్చుకుని, మాకు వినిపించారు.

“వేలిముద్ర పడని పక్షంలో, సదరు వ్యక్తి తనకు రాయడం రాదని స్వహస్తాలతో రాసి, కింద సంతకం చేయవలెను.”

మేము పంతులమ్మ వైపు చూశాం. పంతులమ్మ పైకి చూసింది.

“కానివ్వండి,” అన్నారు విద్యాధరరావు గారు. “అయిదు లోపల ముగించాలి.”

నేనే ముందు కూర్చున్నాను. నా జీవితంలో కాగితం మీద నేను రాసిన మొదటి వాక్యం: ‘నాకు రాయడం రాదు’. కింద పేరు పెట్టాను. ఆయన వంగి పరిశీలించారు.

“‘రాదు’ తరువాత చుక్క పెట్టండి.”

పెట్టాను.

ఎర్నమ్మ ఇంకో అడుగు ముందుకు వేసి, ‘నాకు రాయడం రాదు, ఉల్లంఘించినచో క్రమశిక్షణా చర్యలు గైకొనవచ్చును’ అని రాసి సంతకం చేసింది. ఆయన దాన్ని మిగిలినవాళ్లకు చూపించి, పద్ధతిగా ఉంది, ఇలా రాయండి అన్నారు. అయిదుకు రెండు నిమిషాలుండగా ఇరవై మందిమీ రాయడం రానివాళ్లమని రాసి ఇచ్చేశాం. ఆయన కట్టకు దారం కట్టి, ఫోనులో లెక్క కట్టారు. తేడా అదృష్టం వల్ల వచ్చే అవకాశం వెయ్యికి ఒకటి కూడా లేదు. శూన్య పరికల్పన తిరస్కరించబడింది. చదువు చెబితే చదువు వస్తుందని మన దగ్గర ఋజువైంది.

కేంద్రానికి మూడేళ్లు మంజూరయ్యాయి. పోలమ్మ మందు సీసా దాటి భజన పుస్తకంలోకి వచ్చింది. ఇప్పుడు మా పేటలో భజన ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు.

మా ఇరవై మందికీ తలా ఒక ఉత్తర్వు పోస్టులో వచ్చింది. ఎవరిది వాళ్లం చదువుకున్నాం. ఫలితాలు నిలకడగా ఉంటాయో లేదో చూడడానికి నియంత్రణ వర్గం అయిదేళ్లపాటు యథాస్థితిలో కొనసాగాలట. ‘ఈలోగా ఎవరికైనా చదువు సంక్రమించినచో, ఆ విషయమును సదరు వ్యక్తి రాతపూర్వకముగా తెలియజేయవలెను.’

నేను దాన్ని తీసుకుని పంతులమ్మ దగ్గరికి వెళ్లాను. తెలియజేస్తే కేంద్రానికి చేటు వస్తుందా అని అడిగాను. రాదంది. పంపేసిన దత్తాంశాన్ని సరిదిద్దడానికి వాళ్ల దగ్గర ఫారం లేదట, తను అడిగి కనుక్కుందట.

అయితే ఎవరికి తెలియజేయాలో ఉత్తర్వులో రాయడం మరచిపోయారు. అందుకని అందరికీ తెలియజేస్తున్నాను.

అయ్యా, సంక్రమించింది.

బమ్మిడి దాలమ్మ,
వయసు అరవై మూడు,
ప్రస్తుతం ఉంటున్నది కాశీబుగ్గలో, చెల్లెలి ఇంట్లో, పేటలో భజన ఆగేవరకు.